చేతిలో పీసీ, చేతికందని గేమ్: స్టూడియో చర్చ పూర్తి పాఠం

(పాల్గొన్నవారు: మోడరేటర్, హ్యాండ్‌హెల్డ్ పీసీల మీద వీడియోలు చేసే రివ్యూయర్, మల్టీప్లేయర్ గేమ్‌లకు పనిచేసే డెవలపర్, ఈ పరికరాలు రిపేర్ చేసే టెక్నీషియన్. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడిన చోట వినబడినంత మేరకే రాశాం.)

మోడరేటర్: నమస్కారం. 2025 అక్టోబర్‌లో బ్యాటిల్‌ఫీల్డ్ 6 వచ్చింది. అది వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ పీసీ స్టీమ్ డెక్‌లో నడవదు, ఎందుకంటే అందులో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్). అదే నెలలో విండోస్‌తో మరో హ్యాండ్‌హెల్డ్, ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై వచ్చింది. అప్పట్నుంచి లైనక్స్ వర్గం, విండోస్ వర్గం తిట్టుకుంటూనే ఉన్నాయి. నా ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది. చేతిలో పట్టుకుని ఆడే పీసీలు వచ్చాక డెస్క్‌టాప్ పని అయిపోయినట్టేనా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. మొదట డెవలపర్ మేడమ్ మీరు...

రివ్యూయర్: సార్, అసలు ప్రశ్నే అది కాదు.

మోడరేటర్: మేడమ్‌ని అడిగానండి.

రివ్యూయర్: ఒక్క నిమిషం. డబ్బు పెట్టి గేమ్ కొన్నాను. నా డెక్‌లో ఆడుకున్నాను. ఒక రోజు పొద్దున లేచేసరికి అది తెరుచుకోదు. ఎందుకు? నేను చీటింగ్ చేశానా? లేదు. నా మెషిన్‌లో ఉన్నది లైనక్స్, అంతే. 2024 సెప్టెంబర్‌లో జీటీఏ ఆన్‌లైన్ ఇలాగే పోయింది. అక్టోబర్ చివర ఏపెక్స్ లెజెండ్స్ పోయింది. ఇప్పుడు బ్యాటిల్‌ఫీల్డ్ 6 అయితే పుట్టడమే తలుపులు మూసుకుని పుట్టింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది వీళ్ల వరస!

డెవలపర్: మొదటి రెండూ, మూడోదీ ఒకటి కాదు. జీటీఏ విషయంలో...

రివ్యూయర్: ఆడేవాడికి ఒకటే మేడమ్. తెరుచుకోలేదు, అంతే.

డెవలపర్: చెప్పనివ్వండి. జీటీఏ ఆన్‌లైన్‌లో పెట్టింది బ్యాటిల్ఐ, అంటే చీటర్లని పట్టుకునే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్. విండోస్ గేమ్‌లని లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్‌తో అది లైనక్స్ మీద పనిచేయగలదు. 2021 నుంచే ఆ వీలుంది. ఈజీ యాంటీ చీట్‌కి కూడా ఉంది. ఎల్డెన్ రింగ్ ఈజీ యాంటీ చీట్‌తోనే డెక్‌లో ఆడుతున్నారు కదా. గేమ్ చేసినవాళ్లు ఆ వీలుని ఆన్ చేయాలి. వాళ్లు చేయలేదు. అది వాళ్ల నిర్ణయం.

రివ్యూయర్: చూశారా! ఆవిడే ఒప్పుకున్నారు. చేయగలరు, చేయలేదు.

డెవలపర్: నేను సగమే చెప్పాను. ఏపెక్స్ వాళ్లు చెప్పిన కారణం వేరు. లైనక్స్‌లో కెర్నెల్‌ని, అంటే ఓఎస్‌కి గుండెలాంటి భాగాన్ని, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. చీట్ రాసేవాడు యాంటీ చీట్‌కి కనబడకుండా దాక్కోవచ్చు. సర్వర్ వైపు నుంచి చూస్తే నిజంగా డెక్ పట్టుకున్న మనిషికీ, డెక్‌లా నటించే మెషిన్‌కీ తేడా కనిపెట్టడం కష్టం. వంద మందిలో ఒక్కడు చీటర్ ఉన్నా మిగతా తొంభై తొమ్మిది మంది ఆట పాడవుతుంది. వాళ్లూ డబ్బు పెట్టి కొన్నవాళ్లే.

మోడరేటర్: అంటే మేడమ్, సీరియస్‌గా ఆడేవాళ్లకి మళ్లీ డెస్క్‌టాపే గతి అంటారు?

డెవలపర్: నేనలా అనలేదు.

మోడరేటర్: కానీ అర్థం అదే కదా.

రివ్యూయర్: అర్థం అది కానే కాదు! విండోస్‌లో చీటర్లు లేరా? వ్యాలరెంట్ గేమ్‌కి వ్యాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ ఉంది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడే అదీ లేచి కూర్చుంటుంది, మీరు గేమ్ తెరవకపోయినా. విండోస్ 11లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, మెషిన్ ఆన్ అయ్యేటప్పుడే సాఫ్ట్‌వేర్‌ని తనిఖీ చేసే సెక్యూర్ బూట్ కావాలి. ఇంత కాపలా పెట్టినా చీటర్లు పోయారా? కెర్నెల్‌లోకి ఎవణ్ణి పడితే వాణ్ణి రానిస్తే ఏమవుతుందో 2024 జూలై 19న చూశాం కదా! ఒక్క అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాలు ఆగాయి!

డెవలపర్: అది యాంటీ చీట్ కాదండి, క్రౌడ్‌స్ట్రైక్. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్.

రివ్యూయర్: కెర్నెల్‌లోనే కదా ఉంది?

డెవలపర్: కెర్నెల్‌లో చాలా ఉంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా ఉంటుంది. దాన్నీ తీసేస్తారా?

రివ్యూయర్: మాట మార్చకండి.

డెవలపర్: మార్చింది నేనా!

(ఇక్కడి నుంచి క్రౌడ్‌స్ట్రైక్ మీదే కొన్ని నిమిషాలు గడిచాయి. హ్యాండ్‌హెల్డ్ ఊసు లేదు కాబట్టి ఆ భాగం తీసేశాం.)

మోడరేటర్: టెక్నీషియన్ గారు, మీరు ఇంతవరకు నోరు విప్పలేదు. మీ దగ్గరికి ఇవి రోజూ వస్తుంటాయి. డెస్క్‌టాప్ పని అయిపోయిందా?

టెక్నీషియన్: నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ కెర్నెల్ గురించి అడగరు సార్. స్టిక్ డ్రిఫ్ట్ అవుతోంది అంటారు. ఎస్‌డీ కార్డు విరిగింది అంటారు.

మోడరేటర్: కార్డు విరగడమేంటి?

టెక్నీషియన్: ఎస్ఎస్‌డీ, అంటే లోపలి స్టోరేజీ, మార్చుకుందామని ఇంట్లో వాళ్లే వెనక మూత విప్పుతారు. స్టీమ్ డెక్‌లో మైక్రో ఎస్‌డీ స్లాట్ కింది అంచున ఉంటుంది. కార్డు తీయకుండా మూత లాగితే, ఆ కార్డు రెండు ముక్కలవుతుంది. అందులో ఉన్న గేమ్‌లన్నీ పోయినట్టే. మళ్లీ డౌన్‌లోడ్ పెట్టుకోవాలి. విప్పే ముందు కార్డు తీయండి అని గైడ్‌లో మొదట్లోనే రాసుంటుంది. ఎవరూ చదవరు. ఇక స్టిక్ సంగతి. చాలావాటిలో స్టిక్ కింద కార్బన్ పూత ఉంటుంది, దాని మీద ఒక చిన్న రేకు రాసుకుంటూ తిరుగుతుంది. ఆ పూత అరిగితే మీరు వేలు తీసేసినా తెర మీద మనిషి నడుస్తూనే ఉంటాడు. హాల్ సెన్సర్ స్టిక్ అయితే అయస్కాంతంతో పనిచేస్తుంది, రాపిడి ఉండదు. డెస్క్ దగ్గర కంట్రోలర్ చెడితే కొత్తది పెట్టుకుంటారు. ఇందులో కంట్రోలర్, తెర, బోర్డు అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఒకటి చెడితే మొత్తం నా బల్ల మీదికి రావాల్సిందే. అందుకే నేను చెప్పేదేమిటంటే...

రివ్యూయర్: లెనోవో హ్యాండ్‌హెల్డ్ లెజియన్ గోలో కంట్రోలర్లు విడిగా ఊడి వస్తాయి.

టెక్నీషియన్: వస్తాయి. బరువు కూడా చూడండి. మొత్తం 854 గ్రాములు.

రివ్యూయర్: తెర 8.8 అంగుళాలు మరి! బరువుండదా?

టెక్నీషియన్: నేనూ అదే అంటున్నాను. మంచం మీద వెల్లకిలా పడుకుని మొహానికి పైన పట్టుకుని చూడండి ఎంతసేపు పట్టుకుంటారో.

మోడరేటర్: మంచి పాయింట్. అంటే శరీరానికి డెస్కే మేలు?

టెక్నీషియన్: దిండు పెట్టుకుంటే సరిపోతుంది సార్.

(నవ్వులు.)

మోడరేటర్: సరే, సరే. బ్యాటరీ మాటేమిటి? బయటికి తీసుకెళ్లాక చార్జర్ కోసం గోడ వెతుక్కోవాలంటే ఇక డెస్క్‌కి దీనికి తేడా ఏముంది?

రివ్యూయర్: ఇది నేను చెబుతాను.

మోడరేటర్: టెక్నీషియన్ గారిని...

రివ్యూయర్: ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం. మొదటి స్టీమ్ డెక్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. బ్యాటరీ 40 వాట్ అవర్స్. చిప్ 15 వాట్ల దాకా లాగుతుంది. తెర, ఫ్యాన్, వైఫై, అన్నీ కలిపితే ఇరవై దాటుతుంది. భారీ గేమ్ పెట్టి అన్నీ ఫుల్లుగా వదిలేస్తే రెండు గంటలు కూడా రాదు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని వాడే పద్ధతి ఉంది. సెకనుకి 40 ఫ్రేమ్‌లకి లాక్ చేయండి. 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. 30 అంటే 33.3. 40 అంటే 25. లెక్క వేసుకోండి, సరిగ్గా నడిమధ్య! కంటికి 30 కన్నా ఎంతో నున్నగా ఉంటుంది, బ్యాటరీ 60 అంత తాగదు. తెర రిఫ్రెష్ కూడా 40 హెర్ట్జ్‌కి దించుకోవచ్చు. ఇంకో పక్క డెస్క్‌టాప్ చూడండి. ఆర్‌టీఎక్స్ 5090 అనే ఒక్క గ్రాఫిక్స్ కార్డు 575 వాట్లు! ఒక్క కార్డు! ఆ కరెంటుతో...

డెవలపర్: ఆ కార్డు 4కే తెర కోసం. మీది 1280 బై 800. పోలికేంటి?

రివ్యూయర్: ఏడంగుళాల తెరకి 4కే ఎందుకు మేడమ్?

డెవలపర్: నేనూ అదే చెబుతున్నాను! రెండింటి పనీ వేరు. ఆ మాటకొస్తే మా పనిలో అసలు తలనొప్పి ఫ్రేమ్‌లు కాదు, అక్షరాలు. గేమ్‌ని పెద్ద మానిటర్ ముందు కూర్చుని డిజైన్ చేస్తాం. అదే మెనూ ఏడంగుళాల్లోకి దిగితే చీమల బారులా కనిపిస్తుంది. గేమ్ డెక్‌లో బాగా నడుస్తుందని వాల్వ్ వాళ్లు ఇచ్చే డెక్ వెరిఫైడ్ ముద్ర కావాలంటే, 1280 బై 800లో ఏ అక్షరమూ 9 పిక్సెల్‌ల ఎత్తుకి తగ్గకూడదు. వినడానికి చిన్న రూలే. ఒక పెద్ద స్ట్రాటజీ గేమ్‌లో అది పాటించాలంటే మెనూలన్నీ విప్పి మళ్లీ కట్టాలి. అక్షరం పెంచితే పెట్టె పెరుగుతుంది, పెట్టె పెరిగితే పక్క పెట్టె తెర దాటిపోతుంది. దీని గురించి ఎవరూ గొడవ పడరు గానీ రోజూ కళ్లు పాడుచేసుకునేది దీనివల్లే.

(రాతప్రతి తయారుచేసిన మాకు ఈ చర్చ మొత్తంలో పనికొచ్చిన మాట ఇదే అనిపించింది. స్టూడియోలో మాత్రం ఎవరూ అందుకోలేదు.)

మోడరేటర్: అంటే కళ్లకి కూడా డెస్కే...

రివ్యూయర్: సార్, మీకు డెస్క్ అమ్మే వ్యాపారం ఏమైనా ఉందా?

మోడరేటర్: (నవ్వుతూ) లేదండి. ప్రేక్షకుల తరఫున అడుగుతున్నాను.

రివ్యూయర్: ప్రేక్షకులకి కావలసింది నేను చెబుతాను. డెక్‌లో ఉండే లైనక్స్ ఓఎస్, అదే స్టీమ్ ఓఎస్‌లో పవర్ బటన్ ఒకసారి నొక్కితే గేమ్ ఉన్నచోటే నిద్రపోతుంది. మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలు. బస్సు రావడానికి పది నిమిషాలుంటే పది నిమిషాలే ఆడొచ్చు. విండోస్ హ్యాండ్‌హెల్డ్‌ని స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేయండి. లోపల దానంతటది లేచి, ఫ్యాన్ తిరిగి, తీసేసరికి పెనంలా కాలిపోతుంటుంది.

టెక్నీషియన్: అది నిజమే. అలా వచ్చినవి చూశాను. కంపెనీ పేరు చెప్పను గానీ...

డెవలపర్: కొత్తవాటిలో అది మారుతోంది కదా. ఎక్స్‌బాక్స్ అలైలో విండోస్ డెస్క్‌టాప్ మొత్తం లేవకుండా నేరుగా గేమ్‌ల తెరే వస్తుంది.

రివ్యూయర్: మూడేళ్ల తర్వాత! డెక్ వచ్చిన మూడేళ్ల తర్వాత కళ్లు తెరిచారు! ఎవరు తెరిపించారు? లైనక్స్! 2018లో ప్రోటాన్ రాకపోతే విండోస్ గేమ్‌లు లైనక్స్‌లో ఈ స్థాయిలో నడిచేవా? ఇప్పుడు లెనోవో కూడా స్టీమ్ ఓఎస్‌తో లెజియన్ గో ఎస్ అమ్ముతోంది. గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది. తలుపులు మూసినవాళ్లే రేపు వచ్చి తడతారు.

డెవలపర్: తట్టొచ్చు. కానీ ఇవాళ ఒక ఆన్‌లైన్ గేమ్ కోసమే హ్యాండ్‌హెల్డ్ కొనేవాళ్లకి ఏం చెబుతారు? ఫోర్ట్‌నైట్ ఆడాలి, వ్యాలరెంట్ ఆడాలి అంటే స్టీమ్ ఓఎస్‌లో నేరుగా కుదరదు. ఆ నిజం మీ వీడియోల్లో చివరి నిమిషంలో చెబుతారు.

రివ్యూయర్: నా వీడియోల మాట ఎందుకు ఇప్పుడు?

డెవలపర్: చూసి కొంటారు కాబట్టి.

రివ్యూయర్: చూడండి మేడమ్, నేను... చూడండి... (ఇద్దరూ ఒకేసారి మాట్లాడటంతో కొంతసేపు ఏమీ వినబడలేదు) ...నేను ఎవరినీ మోసం చేయలేదు! విండోస్ వేసుకోవచ్చు, ఎవరూ ఆపలేదు. డెక్ పీసీనే కదా!

డెవలపర్: విండోస్ వేసుకుంటే పవర్ బటన్‌తో గేమ్‌ని నిద్రపుచ్చే ఆ సౌకర్యం పోతుంది మరి. మీరే ఇప్పుడు చెప్పారు.

మోడరేటర్: టెక్నీషియన్ గారు, ఒక ప్రేక్షకుడి ప్రశ్న ఉంది. విమానంలో తీసుకెళ్లొచ్చా?

టెక్నీషియన్: చేతి బ్యాగులో తీసుకెళ్లొచ్చు. మామూలుగా 100 వాట్ అవర్స్ లోపు బ్యాటరీకి విడిగా అనుమతి అక్కర్లేదు. అలై ఎక్స్‌లో 80, ఓలెడ్ డెక్‌లో 50. ఇబ్బంది లేదు. కానీ బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. వెనక మూత అంచు కొంచెం లేచినట్టు కనిపిస్తే, తెర పక్కన సందు కనిపిస్తే, వెంటనే చార్జింగ్ ఆపేయాలి. డెక్‌లో బ్యాటరీని జిగురుతో అంటించారు, ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయకండి. ఎందుకంటే లోపల...

రివ్యూయర్: మార్చుకునే బ్యాటరీ ఇవ్వమని కంపెనీల్ని అడగాలి సార్! ఇది కూడా నేను ఎప్పట్నుంచో...

మోడరేటర్: టైమ్ దగ్గరపడింది. తలా ముప్పై సెకన్లు. కొనాలనుకునేవాళ్లకి మీ సలహా. మేడమ్?

డెవలపర్: మీరు ఎక్కువగా ఆడే మూడు గేమ్‌ల పేర్లు రాసుకుని, అవి ఆ ఓఎస్‌లో నడుస్తాయో లేదో చూసుకున్నాకే...

రివ్యూయర్: నడిచేలా చేయాల్సింది మీరు! కొనేవాడు జాబితా రాసుకోవాలా? వేల గేమ్‌లు నడుస్తున్నాయి, ఆ నాలుగైదు కంపెనీల కోసం మనం భయపడాలా? కొనండి. ధైర్యంగా కొనండి. జనం కొంటే వాళ్లే దిగొస్తారు.

డెవలపర్: దిగిరాకపోతే?

రివ్యూయర్: వస్తారు.

మోడరేటర్: బాగుంది. అయితే వాదన వైపు చూస్తే లైనక్స్ పక్షానిదే పైచేయి అనిపిస్తోంది...

డెవలపర్: గొంతు పైచేయి అనండి.

మోడరేటర్: ...చివరగా టెక్నీషియన్ గారు, పది సెకన్లు.

టెక్నీషియన్: ఏది కొన్నా సరే, స్టిక్ విడిగా మార్చడానికి వీలుందా, స్పేర్ పార్టులు దొరుకుతాయా అన్నది...

మోడరేటర్: ధన్యవాదాలు. చిన్న విరామం తర్వాత వార్తలు.