తిరుపతి షాపింగ్ రివ్యూ: కలంకారీ, ఎర్రచందనం బొమ్మ, లడ్డూ... ఏది ఎలా చూసి కొనాలి

నమస్కారం అండీ. దర్శనం అయిపోయింది, రైలుకు ఇంకా నాలుగైదు గంటలుంది, చేతిలో కాస్త డబ్బుంది. తిరుపతికి వచ్చినోళ్ళలో చాలామంది షాపింగ్‌కు దిగేది సరిగ్గా ఇప్పుడే. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉండే అంగళ్ళలో కంటికి నచ్చిందల్లా సంచిలో వేసేసి, ఇంటికి పోయి విప్పాక "ఇది మన ఊళ్ళో కూడా దొరుకుతుందే" అనుకుంటారు. ఇక్కడే దొరికే సరుకు ఏది, దాన్ని అంగడిలో నిలబడి అక్కడికక్కడే ఎలా పరీక్ష చేయాలి, ఇవాళ అదే చూద్దాం.

ముందు ఒక మాట. కొండెక్కే ముందు ఏమీ కొనద్దు. అలిపిరి దగ్గర లగేజీ అంతా దింపి స్కానింగ్‌లో పెట్టాలి, మళ్ళీ మోసుకోవాలి. ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళకు తిరుమలలో నిషేధం. ఇత్తడి కుంది కొని కొండంతా మోసుకు తిరిగే పని ఎందుకు చెప్పండి? దర్శనం, లడ్డూ, కిందికి దిగడం, ఆ తర్వాతే బజారు.

లడ్డూ సంగతి తొందరగా ముగిద్దాం. దర్శనం చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఒక చిన్న లడ్డూ ఉచితం, అదనంగా కావాలంటే ఒక్కోటి 50 రూపాయలు. టీటీడీ కౌంటర్లో తీసుకున్నదే తిరుపతి లడ్డూ. 2009 నుంచి దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, అంటే ఆ పేరు ఈ చోటి సరుకుకే చెందుతుంది. బస్టాండు దగ్గర ఎవరైనా "శ్రీవారి లడ్డూ సార్, క్యూ లేకుండా" అంటే ఆగకుండా నడిచేయండి. చిన్న లడ్డూ సుమారు 175 గ్రాములు. పది తీసుకుంటే పావు తక్కువ రెండు కిలోలు. విమానంలో చేతి సంచికి మామూలుగా ఇచ్చేది 7 కిలోలే కాబట్టి ఆ లెక్క ముందే వేసుకోండి. వేడి లడ్డూలను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టకండి. లోపల ఆవిరి చెమటపట్టి, రెండు మూడు రోజుల్లో పైన బూజు వస్తుంది. కాగితంలోనో గుడ్డ సంచిలోనో పెట్టి, ఇంటికి చేరగానే విడివిడిగా పరిచి ఆరనివ్వండి. సంచిలో అన్నిటికంటే పైన లడ్డూలే ఉండాలి. అడుగున పెడితే ఊరు చేరేసరికి బూందీ మిగులుతుంది.

ఇప్పుడు అసలు సరుకు, కలంకారీ. అంటే గుడ్డ మీద సహజ రంగులతో బొమ్మలు వేసే పని. ఈ ప్రాంతానికొచ్చి ఒకే ఒక్క వస్తువు కొనాలంటే నేను చెప్పేది ఇదే. కానీ ఎక్కువమంది మోసపోయేదీ ఇందులోనే.

[చీర కొంగు క్లోజప్]

ఈ కొంగు చూడండి. ఇది శ్రీకాళహస్తి పని. అంటే అచ్చు గుద్దింది కాదు, కలంతో గీసింది. అచ్చులతో అద్దే కలంకారీ కృష్ణా జిల్లా పెడనది. అది వేరే పద్ధతి, దాని అందం దానిది, ధర కూడా తక్కువ. పెడన గుడ్డను శ్రీకాళహస్తి ధరకు అమ్మితేనే గొడవ.

చేతి పని ఎలా చేస్తారో తెలిస్తే పరీక్ష చేయడం తేలిక. నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలో ఉండే కొవ్వు వల్ల గీత గుడ్డలో పాకిపోకుండా నిలుస్తుంది. కలం అంటే వెదురు పుల్ల. దాని మొన పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొన నుంచి దిగుతుంది. నల్ల రంగు పేరు కసిమి. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడితే వస్తుంది. కసిమి గుడ్డ మీద పడగానే కరక్కాయతో కలిసి నలుపు తిరుగుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు రాసి, పారే నీళ్ళలో జాడించి, ఆ తర్వాత వేర్ల రంగుతో ఉడకబెడతారు. పసుపుపచ్చకు కరక పువ్వు, నీలానికి నీలిమందు. ఇంత పనితో నిండుగా బొమ్మలున్న చీర ఒకటి బయటికి రావాలంటే వారాలు పడుతుంది. "ప్యూర్ హ్యాండ్ కలంకారీ, వెయ్యి రూపాయలే" అంటే ఇక మీరే ఆలోచించుకోండి.

అంగడిలో ఏం చూడాలి? ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చిన చోటు పట్టుకోండి. ఇదిగో, ఈ రెండు చిలకలు. ఎడమ చిలక ముక్కు కొంచెం పొడుగు, కుడి దాని కన్ను కిందికి జారింది. చేత్తో గీస్తే ఇట్లాంటి తేడా రాక తప్పదు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది స్క్రీన్ ప్రింటే. తర్వాత ఒక నల్ల గీత వెంట వేలు పోనివ్వండి. కలంలో రంగు అయిపోవస్తున్న చోట గీత సన్నబడి, మళ్ళీ ముంచిన చోట లావవుతుంది. గుడ్డ తిప్పి చూడండి, గీత వెనక్కి కూడా దిగి ఉండాలి. వెనక తెల్లగా ఉండి ముందు మాత్రమే మెరుస్తుంటే పక్కన పెట్టేయండి. కొత్త గుడ్డయితే పాల వాసన, కొంచెం పుల్లటి వాసన కూడా వస్తుంది. గులాబీ, చిలకపచ్చ లాంటి కళ్ళు జిగేలుమనే రంగులు ఈ పద్ధతిలో రావు.

ఇంకో కిటుకు ఉంది, ఇది చాలామందికి తెలియదు. గీత స్క్రీన్‌తో వేసి, లోపల రంగు మాత్రం చేత్తో నింపే సరుకు బోలెడుంది. "చేతి పనేనా అన్నా?" అని అడిగితే "అంతా చేతి పనేనక్కా" అంటాడు. ఆ మాటలో సగం నిజముంది మరి! అందుకే ప్రశ్నను రెండు ముక్కలు చేసి అడగండి. "గీత కలంతో వేసిందా, స్క్రీనా?" అన్నది ఒకటి. "రంగు కరక్కాయదా, కెమికలా?" అన్నది రెండోది. ఇలా అడిగేసరికి కొనేవాడికి పని తెలుసని అమ్మేవాడికి అర్థమవుతుంది, ధర దగ్గర మాట కూడా మారుతుంది. సిల్క్ మార్క్ చీటీ చూపించి ఇదే గ్యారంటీ అంటే సరిపోదు. ఆ చీటీ పట్టు అసలుదని చెబుతుంది, బొమ్మ ఎవరు గీశారో చెప్పదు.

ఎక్కడ కొనాలి? వీలైతే శ్రీకాళహస్తిలోనే. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే, బస్సులు వస్తూనే ఉంటాయి. రాహుకేతు పూజకు ఎలాగూ చాలామంది వెళ్తారు కదా. పని చేసే ఇళ్ళకు వెళ్తే సగం గీసిన గుడ్డ కూడా కళ్ళారా చూడొచ్చు. అంత టైం లేకపోతే తిరుపతిలోనే ప్రభుత్వ లేపాక్షి ఎంపోరియంలో చూడండి. ధర స్థిరం, బేరం ఉండదు, బిల్లు ఇస్తారు. ఇంటికెళ్ళాక మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, కుంకుడుకాయతో. నీడలో ఆరేయండి. నిమ్మరసం, చింతపండు పులుసు పడకుండా చూసుకోండి. ఇనుముతో వచ్చిన నలుపు పులుపు తగిలితే వెలిసిపోతుంది. భోజనాల పంక్తిలో ఈ చీరకు సాంబారే శత్రువు.

ఇక ఎర్రచందనం బొమ్మలు. ఆడ, మగ జోడీగా వస్తాయి, బొమ్మల కొలువులో పెట్టుకుంటారు. చిన్న జోడీ చాలు, బాగుంటుంది.

[బొమ్మ నీళ్ళ గ్లాసులో]

మునిగింది చూశారా? ఎర్రచందనం చేవ, అంటే చెట్టు లోపలి గట్టి కర్ర, నీళ్ళకంటే బరువు, మామూలు కర్ర తేలుతుంది. నీళ్ళు వెంటనే ఎర్రబడితే మాత్రం అది పైన పూసిన రంగే. అసలు చెక్కలోని ఎరుపు చన్నీళ్ళలో అంత తేలిగ్గా దిగదు. తడిపిన సానరాయి మీద అరగదీస్తే ఎర్రటి గంధం వస్తుంది. ముక్కు దగ్గర పెట్టి "వాసన చూడండి సార్" అన్నారంటే నవ్వుకోండి. వాసన వచ్చేది శ్రీగంధం, ఎర్రచందనానికి సువాసన ఉండదు. వాసన వస్తోందంటే సెంటు పూశారు.

బిల్లు తీసుకోవడం మర్చిపోవద్దు. ఈ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే, రవాణా మీద గట్టి నిఘా ఉంటుంది. చెక్కిన బొమ్మ కాకుండా ముక్క, దుంగ ఎంత చిన్నదైనా, ఎంత చవకగా ఇస్తామన్నా ముట్టుకోకండి. విదేశాల్లో ఉండే పిల్లలకు బొమ్మ పంపుదామనుకుంటే అదీ వద్దు. ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది, పర్మిట్ లేకుండా కస్టమ్స్ దాటదు.

ఇత్తడి సామాను గుడి వీధుల్లో బాగానే ఉంటుంది, కాకపోతే ఇది ఇక్కడే దొరికేది కాదు. కొంటే కిలో ధర అడిగి, కళ్ళ ముందే తూకం వేయించండి. చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి, అతుక్కుంటే లోపల ఇనుము. విగ్రహం అడుగు భాగం తిప్పి చూడండి. మూత వేసి ఉంటే లోపల ఏదైనా నింపారేమో, ఆ బరువుకు కూడా మీరు ఇత్తడి ధరే కడతారు. "పంచలోహం" అన్న మాటకు అదనంగా రూపాయి కూడా ఇవ్వద్దు, ఆ అంగట్లో దాన్ని తేల్చే దారి లేదు. ముత్యాలు, పగడాలు, రుద్రాక్షలు? నా ఓటు లేదు. అగరుబత్తీలు కావాలంటే 2021లో టీటీడీ పూలతో మొదలుపెట్టినవి ఏడు రకాలున్నాయి, టీటీడీ కౌంటర్లలో తీసుకోండి.

ఆటో అన్న తనంతట తానే "మంచి షాపు చూపిస్తా, చూసి రండి చాలు" అంటే ఆ చూపులో ఆయన కమిషన్ ఉంటుంది. దాన్ని మీ బిల్లులోంచే తీస్తారు.

రేణిగుంట నుంచి విమానం ఎక్కేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. శ్రీకాళహస్తి దారి రేణిగుంట మీదుగానే, కాబట్టి కలంకారీని చివరికి పెట్టుకుని అటు నుంచి అటే ఎయిర్‌పోర్టుకు రావచ్చు. పూజ సామానులో కర్పూరం, ఎండు కొబ్బరి ఉంటే సంచి కట్టక ముందే తీసేయండి. రెండూ మండే సరుకు కిందికి వస్తాయి. చెక్-ఇన్ అయ్యాక స్కానింగ్‌లో కనబడితే మిమ్మల్ని వెనక్కి పిలిచి పెట్టె విప్పిస్తారు, అప్పుడు పైన పెట్టిన లడ్డూలన్నీ మళ్ళీ సర్దుకోవాలి.