పాప పెరుగు కప్పులో మూడు చెంచాల చక్కెర

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పొద్దున్నుంచీ మంచు పడుతోంది, మీకు చూపిద్దామనే కెమెరా తీశాను. ఇంతలో పిన్ని మెసేజ్ వచ్చింది. మొన్నటి వీడియోలో పాప తింటున్న పండ్ల పెరుగు చూసిందట. "రోజూ అదే పెడుతున్నావు, పొట్టకి మంచిదేనా?" అని అడిగింది. మంచు తర్వాత చూద్దాం, ముందు ఫ్రిజ్ దగ్గరికి రండి.

ఇక్కడ పెరుగంటే తీపిదే ముందు కనిపిస్తుంది. మనం తినే పెరుగు కావాలంటే 'ప్లెయిన్' అని రాసున్న డబ్బా వెతుక్కోవాలి. ఈ కప్పు 150 గ్రాములు. మొత్తం చక్కెర 18 గ్రాములు, అందులో విడిగా కలిపింది 12. మిగతా 6 పాలలో సహజంగా ఉండే లాక్టోజ్, దాని గురించి టెన్షన్ లేదు. గ్రాముల్లో చెబితే నాకు ఊహకి అందదు. చెంచాకి 4 గ్రాములు లెక్కేసుకుని ఇదిగో, గిన్నెలో పోస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. నేనైతే పాపకి నా చేత్తో ఇంత చక్కెర ఎప్పుడూ కలపలేదండీ.

పిన్నికి ముందు మంచి మాటే చెప్పాలి. పాలు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం) లాంటి పులిసిన ఆహారాలు పది వారాలు బాగా తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌తో, అంటే ఒంట్లో వచ్చే వాపుతో, సంబంధమున్న 19 ప్రొటీన్లు తగ్గాయి. అది చిన్న అధ్యయనమే, 36 మందిని రెండు గుంపులు చేసి చూశారు. తీపి పెరుగుకి విడిగా పెట్టిన పరీక్ష కూడా కాదు.

మరి చక్కెర కలిపితే ఆ మేలంతా పోతుందా? పోదు, ఆ కాస్త తీపికి బ్యాక్టీరియా చచ్చిపోదు. కానీ ఆ బ్యాక్టీరియా ఉంది కదా అని మూడు చెంచాల చక్కెర మాయమైపోదు. పాప రోజులో తాగే జ్యూస్, తినే బిస్కెట్లలోని చక్కెరతో అదీ కలుస్తుంది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైతే ఒంట్లో, కాలేయంలో కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వు వల్ల పైకి కనిపించని ఇన్‌ఫ్లమేషన్ లోపల సాగుతూ ఉంటుంది. రోజూ తినే ఆహారం ఇచ్చే శక్తిలో ఇలాంటి చక్కెర 10 శాతం లోపే ఉండాలని, 5 శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతమంటే పెద్దవాళ్లకే సుమారు 25 గ్రాములు. అందులో దాదాపు సగం ఈ ఒక్క కప్పే!

ఇంకో మాట. తోడుకున్నాక మళ్లీ వేడిచేసి అమ్మే రకాలూ ఉంటాయి, వాటిలో బ్రతికున్న బ్యాక్టీరియా ఉండదు. 'లైవ్ కల్చర్స్' అన్న మాట కోసం చూడండి.

ఇవాళ ప్లెయిన్ పెరుగులో అరటిపండు మెదిపి పెట్టాను. పాప ఒక చెంచా తిని మూతి తిప్పేసింది. సరేనని తన పండ్ల పెరుగు సగం, ఇది సగం కలిపాను. మొత్తం తినేసింది! రేపు ప్లెయిన్ ఇంకాస్త పెంచుతాను. పక్కన పెద్దవాళ్లుంటే ఈ లేబుళ్ల లెక్కలన్నీ ఒక్కదాన్నే కూర్చుని వేసుకునేదాన్ని కాదేమో.

పిన్నికి చెబుదామని ఫోన్ తీస్తే అక్కడ అర్ధరాత్రి దాటింది. ఖాళీ గిన్నె ఫొటో పంపాను, లేచాక చూస్తుంది. కిటికీ తీసి చూస్తే మంచు కూడా ఆగిపోయిందండీ.