72 శాతం గెలిచినా కుర్చీ నిలవలేదు: అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్‌లో హెడ్ కోచ్ ఉద్యోగం లెక్క

[స్క్రీన్: ఖాళీ కోర్టు, పైన స్కోర్‌బోర్డ్]

2024 మార్చి 9. సౌత్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్ ఊరు. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్ఈసీ టోర్నమెంట్ సెమీఫైనల్. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కొన్ని కాలేజీల కూటమి. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని సౌత్ కరోలినా జట్టు టెనెసీ కంటే రెండు పాయింట్లు వెనకబడి ఉంది. మిగిలింది సెకను పైచిలుకు. బంతి లోపలికి అందింది. అందుకున్నది కమీలా కార్డోసో. ఆరడుగుల ఏడంగుళాల సెంటర్. బుట్ట కింద ఆడే అమ్మాయి, కాలేజీకి వచ్చాక అంతవరకూ ఒక్క త్రీ పాయింటర్ (గీత అవతల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) కూడా వెయ్యలేదు. గీత అవతల నుంచే విసిరింది. బోర్డుకు తగిలి బంతి బుట్టలో పడింది. 74–73.

సౌత్ కరోలినా ఆ ఏడాది 38–0తో, అంటే 38 గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా, జాతీయ చాంపియన్ అయింది. టెనెసీ హెడ్ కోచ్ కెల్లీ హార్పర్‌ను ఏప్రిల్ 1న తొలగించారు. ఆ షాట్ పడిన 23 రోజులకు.

ఆ బంతి పడకపోతే ఆమె ఉద్యోగం నిలిచేదా? మా అంచనా, నిలిచేది కాదు. ఎందుకంటే అక్కడ ఆమెను కొలిచిన కర్ర వేరు.

[స్క్రీన్: ప్యాట్ సమిట్ 1,098–208 / హాలీ వార్లిక్ 172–67 / కెల్లీ హార్పర్ 108–52]

ఈ మూడు వరుసలూ టెనెసీవే. ప్యాట్ సమిట్ 1974లో 22 ఏళ్ల వయసులో హెడ్ కోచ్ అయ్యారు. నెలకు 250 డాలర్లు. జట్టు యూనిఫాంలు తనే ఉతికేవారు, వ్యాన్ తనే నడిపేవారు. మొదటి జాతీయ టైటిల్ 1987లో వచ్చింది, అంటే 13వ సీజన్‌లో. ఆ తర్వాత మరో ఏడు. 38 సీజన్లు చేసి, అల్జీమర్స్ బయటపడిన మరుసటి ఏడాది 2012లో తప్పుకున్నారు.

ఆమె తర్వాత వచ్చిన హాలీ వార్లిక్ ఆమె దగ్గర ఆడినవారే, 27 ఏళ్లు అసిస్టెంట్‌గా చేసినవారే. ఏడు సీజన్లలో 172 గెలుపులు, 67 ఓటములు. 72 శాతం. ప్రతి ఏడాదీ జాతీయ టోర్నమెంట్‌కు వెళ్లారు, మూడుసార్లు చివరి ఎనిమిది జట్లలో నిలిచారు. ఇంకే కాలేజీలోనైనా ఈ రికార్డుకు సన్మానం చేస్తారు. కానీ చివరి మూడేళ్లూ రెండో రౌండ్ దాటలేదు. పైగా 2018లో సొంత గడ్డ మీద ఒరెగాన్ స్టేట్ చేతిలో ఓడారు. జాతీయ టోర్నమెంట్ మ్యాచ్ టెనెసీ తన ఊళ్లో ఓడడం చరిత్రలో అదే మొదటిసారి. 2019 మార్చిలో తొలగించారు.

హార్పర్ కూడా సమిట్ శిష్యురాలే. 1996, 97, 98 మూడు టైటిళ్లూ ఆడి గెలిచారు. కోచ్‌గా ఐదేళ్లలో 67.5 శాతం, రెండుసార్లు స్వీట్ సిక్స్‌టీన్, అంటే చివరి 16 జట్లలో చోటు. అది కూడా చాలలేదు.

ఇప్పుడు అవతలి బెంచీ చూడండి.

[స్క్రీన్: డాన్ స్టేలీ, సౌత్ కరోలినా. 2008–09: 10–18. 2009–10: 14–15]

డాన్ స్టేలీ మొదటి రెండేళ్లలో 24 గెలిచారు, 33 ఓడారు. జాతీయ టోర్నమెంట్ ముఖం నాలుగో సీజన్‌లో గానీ చూడలేదు. మొదటి టైటిల్ 2017లో, తొమ్మిదో సీజన్‌లో. స్టాన్‌ఫర్డ్‌లో టారా వాన్‌డెర్వీర్ మొదటి రెండేళ్లు 13–15, 14–14. ఐదో సీజన్‌లో టైటిల్. అయోవాలో లీసా బ్లూడర్ 2000లో చేరితే మొదటి ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్లలో చోటు, 2023లో వచ్చింది. కనెటికట్‌లో జీనో ఆరియెమ్మా మొదటి సీజన్ 12–15. 2025 నాటికి ఆయనకు 12 టైటిళ్లు.

అంటే కోచ్‌ను పోల్చేది పక్క కాలేజీ కోచ్‌తో కాదు, అదే కుర్చీలో అంతకుముందు కూర్చున్నవారితో. మర్రిచెట్టు కింద మొక్క పెరగడం ఎంత కష్టమో టెనెసీలో రెండుసార్లు చూశాం. స్టేలీ వచ్చేటప్పటికి సౌత్ కరోలినాలో నీడ పడేంత చెట్టు లేదు. అందుకే నేల చదును చేసుకోవడానికి ఆమెకు వ్యవధి దొరికింది.

దీని వెనక ఇంకొకటి ఉంది, చాలామంది పట్టించుకోనిది: అథ్లెటిక్ డైరెక్టర్. కాలేజీలో క్రీడలన్నిటికీ పెద్ద. కోచ్‌ను తెచ్చేదీ పంపేదీ ఈ మనిషే. తను తెచ్చిన కోచ్ ఓడితే తన ఎంపికే తప్పని ఒప్పుకోవాలి, కాబట్టి ఓపిక పడతారు. ముందున్నవారు తెచ్చిన కోచ్ విషయంలో ఆ మొహమాటం ఉండదు. వార్లిక్‌ను 2012లో నియమించింది ఒకరు, 2019లో తీసేసింది ఫిలిప్ ఫుల్మర్. హార్పర్‌ను తెచ్చింది ఫుల్మర్, తీసేసింది 2021లో వచ్చిన డానీ వైట్. స్టేలీని 2008లో తెచ్చిన ఎరిక్ హైమన్ మాత్రం 2012 దాకా ఉన్నారు. ఆయన వెళ్లేనాటికి ఆమె జట్టు చివరి 16కి చేరిపోయింది. కాబట్టి ఒక కోచ్ పరిస్థితి తెలియాలంటే ముందు చూడాల్సింది డైరెక్టర్ ఎప్పుడు వచ్చారన్నది.

తర్వాత కాంట్రాక్ట్. మన దగ్గర కాలేజీ పీడీ పోస్టు పర్మనెంట్ అయితే రిటైర్మెంట్ దాకా దిగులు ఉండదు. అక్కడ హెడ్ కోచ్‌కు అలాంటి భరోసా లేదు. సాధారణంగా ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి, ఏడాదో రెండేళ్లో గడిచాక పొడిగిస్తూ పోతారు. కారణం రిక్రూటింగ్. హైస్కూల్ నుంచి వచ్చే అమ్మాయికి నాలుగేళ్ల చదువు. "మా అమ్మాయి డిగ్రీ అయ్యేదాకా మీరు ఇక్కడే ఉంటారా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. కాంట్రాక్ట్‌లో రెండేళ్లే మిగిలి ఉంటే జవాబు చెప్పడం కష్టం. ఎదుటి కాలేజీ వాళ్లు ఆ మాటే చెప్పి అమ్మాయిని తీసుకుపోతారు. ఆటగత్తెలు రాకపోతే ఓటములు, ఓటములొస్తే తొలగింపు. అందుకే పొడిగింపు వార్త చూసి కుర్చీ గట్టిపడిందని అనుకోకండి. వార్లిక్ కాంట్రాక్ట్ 2018లో పొడిగించారు. మరుసటి మార్చిలో పంపేశారు.

[స్క్రీన్: 5 లక్షల డాలర్లు × 3 ఏళ్లు = 15 లక్షలు; అందులో 70 శాతం = 10.5 లక్షలు]

అసలు కంచె బైఅవుట్, అంటే గడువుకు ముందే తీసేస్తే కాలేజీ కట్టాల్సిన పరిహారం. ఒక ఊహా ఉదాహరణ. జీతం ఏడాదికి 5 లక్షల డాలర్లు, మిగిలింది మూడేళ్లు, కాంట్రాక్ట్‌లో 70 శాతం ఇస్తామని రాశారు. తీసేస్తే కాలేజీ 10.5 లక్షల డాలర్లు కట్టాలి. కానీ అది ఒకేసారి చేతికి వస్తుందనుకోవద్దు. తరచుగా నెలనెలా ఇస్తారు. చాలా కాంట్రాక్టుల్లో ఇంకో షరతు ఉంటుంది: కోచ్ వేరే ఉద్యోగం వెతుక్కోవాలి, దొరికితే ఆ కొత్త జీతం మేరకు బైఅవుట్ తగ్గుతుంది. నిబంధనలు ఉల్లంఘించారనో, ఆటగత్తెలతో దురుసుగా ప్రవర్తించారనో తేలి "తగిన కారణంతో" తొలగిస్తే బైఅవుట్ మొత్తం పోవచ్చు. ఇక అసిస్టెంట్ల సంగతి మరీ కష్టం. వాళ్లవి ఎక్కువగా చిన్న గడువు కాంట్రాక్టులు. హెడ్ కోచ్ వెళ్తే కొత్తగా వచ్చినవారు సొంత మనుషుల్ని తెచ్చుకుంటారు. పిల్లల బడులతో సహా నాలుగైదు కుటుంబాలు ఒక్క వసంతంలో ఊరు మారతాయి. ఈ వార్తల్లో వాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు.

గెలుపు ఓటముల అంకెను కూడా ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. సీజన్‌లో సుమారు 30 మ్యాచ్‌లు. అందులో పన్నెండు దాకా కాన్ఫరెన్స్ బయటివి, వాటిని కాలేజీయే ఎంచుకుంటుంది. బలహీన జట్లను ఇంటికి పిలిచి పది గెలుపులు పోగేసుకోవచ్చు. కానీ మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌కు జట్లను ఎంచే సెలక్షన్ కమిటీ చూసే నెట్ ర్యాంకింగ్‌లో ప్రత్యర్థి బలం, మ్యాచ్ ఎక్కడ జరిగింది అన్నవి కూడా లెక్కకొస్తాయి. మార్చిలో ఆ గెలుపులు అక్కరకు రావు. చిన్న కాలేజీలో ఇది తిరగబడుతుంది. పెద్ద కాలేజీ డబ్బిచ్చి ఆడటానికి పిలుస్తుంది, చిన్న కాలేజీ ఖజానా కోసం వెళ్తుంది, చిత్తుగా ఓడి వస్తుంది. ఆ ఓటమి మాత్రం కోచ్ ఖాతాలో పడుతుంది. కాలేజీ డబ్బు కోసం ఒప్పుకున్న మ్యాచ్‌లను తీసేసి కోచ్ రికార్డు లెక్కపెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం.

చిన్న కాన్ఫరెన్సుల్లో ఇంకో గండం. 2025 జాతీయ టోర్నమెంట్‌లో 68 జట్లు. అందులో 31 కాన్ఫరెన్స్ చాంపియన్లకు నేరుగా చోటు, 37 కమిటీ ఎంపిక. ఆ 37లో పెద్ద కాన్ఫరెన్సులదే సింహభాగం. చిన్న జట్టు 25 మ్యాచ్‌లు గెలిచి, కాన్ఫరెన్స్ ఫైనల్లో రెండు పాయింట్లతో ఓడితే ఇంటికే. ఏడాది కష్టం ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడుతుంది.

[స్క్రీన్: 2024 ఫైనల్. మహిళలు: 1.89 కోట్లు. పురుషులు: 1.48 కోట్లు]

ఇదివరకు ఓపిక ఉండటానికి ఒక కారణం, ఈ ఆటలో డబ్బు లేకపోవడం. అది మారింది. 2024లో అయోవా, సౌత్ కరోలినా ఫైనల్‌ను సగటున 1.89 కోట్ల మంది చూశారు, పురుషుల ఫైనల్ కంటే ఎక్కువ. పురుషులకు దశాబ్దాలుగా ఉన్నట్టే, టోర్నమెంట్‌లో ఆడిన మ్యాచ్‌లను బట్టి కాన్ఫరెన్సులకు డబ్బు పంచడం 2025లో మహిళలకూ మొదలైంది. మొదటి ఏడాది నిధి 1.5 కోట్ల డాలర్లు, 2028కి 2.5 కోట్లు. స్టేలీ జీతం ఏడాదికి 40 లక్షల డాలర్లయింది. మరోవైపు, కాలేజీ మారాలనుకునే ఆటగత్తెలు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల ఒక్క వేసవిలో జట్టును కొత్తగా కట్టొచ్చు. "మూడేళ్లు ఆగండి, పిల్లలు ఎదుగుతారు" అన్న మాట డైరెక్టర్ల చెవికి ఎక్కడం కష్టమైపోయింది. నిజానికి పోర్టల్ రెండువైపులా పదునున్న కత్తి. కోచ్‌ను తీసేస్తే జట్టులోని అమ్మాయిలూ అదే దారిన వెళ్లిపోవచ్చు. వచ్చిన కోచ్ చేతికి ముగ్గురో నలుగురో మిగలొచ్చు. 10–18తో మొదలైన స్టేలీ ఈ రోజుల్లో అడుగుపెట్టి ఉంటే నాలుగో సీజన్ చూసేవారా అన్నది మాకు నిజంగా బాధ కలిగించే ప్రశ్న.

[స్క్రీన్: మిజోరి, 2025 మార్చి]

కెల్లీ హార్పర్‌ను 2025 మార్చిలో మిజోరి యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా తీసుకుంది. అదీ ఎస్ఈసీ జట్టే. కాబట్టి టెనెసీతో ఆట తప్పదు. ఆమె వెళ్లేనాటికి మిజోరి జాతీయ టోర్నమెంట్‌లో ఆడి ఆరేళ్లయింది. చివరిసారి స్వీట్ సిక్స్‌టీన్ చూసింది 2001లో. టెనెసీలో ఐదేళ్లలో రెండుసార్లు అక్కడిదాకా తీసుకెళ్లి ఉద్యోగం పోగొట్టుకున్న కోచ్, మిజోరిలో ఒక్కసారి తీసుకెళ్తే చాలు, ఊరంతా పండగ చేసుకుంటుంది.