మీ ట్యాంకు ఎక్కడ పడింది? సొంత కథలు రాయాలనుకునేవాళ్లకి

[గోపాలపట్నంలో ఒక మేడ. సాయంత్రం ఐదు దాటింది. వెనక నల్ల నీళ్ల ట్యాంకు, దాని వెనక సింహాచలం కొండ.]

నమస్కారం. ఈ వీడియోకి కారణం మా పెదమావయ్య. ముప్పై నాలుగేళ్లు పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి భోజనాల దగ్గర ఆయన కబుర్లు మొదలెడితే వడ్డించేవాళ్లు కూడా గరిటె పట్టుకుని నిలబడిపోతారు. అలాంటి మనిషి మొన్న నా చేతిలో నాలుగు కాగితాలు పెట్టి, "నా జీవితకథరా, చూసి చెప్పు" అన్నాడు.

మొదటి వాక్యం: "నేను ఒక సామాన్య మధ్యతరగతి కుటుంబమునందు జన్మించితిని."

జన్మించితిని! మావయ్యా, పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఎవరితోనైనా ఆ మాట అన్నావా?

నాలుగు పేజీల్లోనూ పుట్టుక, చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, పెన్షన్ వరసగా ఉన్నాయి. మా మావయ్య మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఆయనొక్కడే అయితే ఊరుకునేవాణ్ణి. ఎవరిని రాయమన్నా ఇవే రెండు మాటలు. "నా జీవితంలో ఏముంది రాయడానికి?" అన్నది ఒకటి. "రాస్తే మొదట్నుంచీ రాయాలి కదా, ఎప్పటికి తెమిలేను?" అన్నది రెండోది. రెండూ తప్పే. రెండిటికీ జవాబు మా నీళ్ల ట్యాంకులో ఉంది. ఇదిగో ఇది కాదు, దీని ముందుది.

2014లో వైజాగులో ఉన్నవాళ్లెవరినైనా ఆపి, "అక్టోబరు 12న మీరెక్కడున్నారు?" అని అడగండి. హుద్‌హుద్ కథ చెప్పని మనిషి ఉండడు. చెప్పేటప్పుడు భలే చెప్తారు. అదే కాగితం మీద పెట్టమనండి, ఇలా వస్తుంది: "హుద్‌హుద్ పెనుతుఫాను విశాఖ తీరాన్ని తాకినది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. వృక్షాలు నేలకొరిగాయి. ప్రకృతి ముందు మానవుడెంత అల్పుడో ఆనాడు తెలిసింది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇది మర్నాటి పేపర్లో రావాల్సింది. ఇది రాయడానికి మీరే ఎందుకు?

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది వినండి. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర అయి ఉంటుంది. మేడ మీద ఐదొందల లీటర్ల ట్యాంకు, ఖాళీది. కరెంటు పోకముందే నీళ్లు పట్టమని అమ్మ చెప్పింది, నేను పట్టలేదు. ఆ ముక్క ఇంతవరకు ఇంట్లో ఒప్పుకోలేదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. అప్పుడు మేమున్నది మూడిళ్ల అవతల, మేడ మీద ఒంటి గది ఉన్న ఇంట్లో. ఆ గది కిటికీ సందులోంచి చూస్తున్నాను. ట్యాంకు ఎగిరిపోయినట్టు అనిపించలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని లేపితే లేచినట్టు, నెమ్మదిగా లేచింది. మా నాయనమ్మ, "ఓలమ్మో, ట్యాంకు ఎలిపోతందిరా!" అని కేక. వెళ్లి వెళ్లి పక్కింటి పెరట్లో పడింది. ఆ ఇంటివాళ్లతో మాకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ప్రహరీ గోడ తగాదా. జానెడు స్థలం.

తుఫాను ఊరందరిదీ. ట్యాంకు మాది. "నా జీవితంలో ఏముంది" అనేవాళ్లు తుఫాను కోసం వెతుకుతున్నారు. జైలుకెళ్లలేదు, విమానం కూలలేదు, కాబట్టి కథ లేదనుకుంటున్నారు. మీ ట్యాంకు ఏది, అది ఎవరింట్లో పడింది? వెతకాల్సింది దాన్ని.

రెండో మాటకి వద్దాం, మొదట్నుంచీ రాయాలన్నదానికి. మన పక్క విజయనగరంలోనే జవాబుంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు 1864 నుంచి 1945 దాకా బతికారు. ఆయన స్వీయచరిత్ర 'నా యెఱుక' నడిచేది మొదటి ముప్పై ఏళ్ల మేరకే. అంతటాయనే మిగతా యాభై ఏళ్లు వదిలేశారు. మీరు ఒక్క ఆదివారం రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

సరే, ట్యాంకు దగ్గరికి. తుఫాను కన్ను ఊరి మీదుగా పోతే ఏమవుతుందో అప్పటిదాకా మాకు తెలీదు. గాలి ఉన్నట్టుండి తగ్గిపోతుంది. అయిపోయింది కాబోలనుకుని జనం బయటికొస్తారు. కాసేపయ్యాక గాలి మళ్లీ మొదలవుతుంది, ఈసారి రెండో దిక్కు నుంచి. ఆ మధ్యాహ్నం అలా తెరిపిచ్చినప్పుడు మా నాన్న లుంగీ పైకి కట్టి, "ట్యాంకు తెచ్చేస్తా" అని పక్కింటి గేటు తీసుకుని వెళ్లాడు. రెండో గాలి అందుకుంది. మా నాన్న ఆ ఇంట్లో ఇరుక్కుపోయాడు. సాయంత్రం చీకటి పడ్డాక వచ్చాడు. ట్యాంకు లేదు. చేతిలో స్టీలు గిన్నె, అందులో ఉప్మా.

రాసే పని అసలు ఇక్కడ మొదలవుతుంది. సొంత కథలో "నేను" ఇద్దరుంటారు. అప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ పదహారేళ్ల కుర్రాడొకడు. ఇప్పుడు ఈ మేడ మీద కూర్చుని చెప్తున్నవాడొకడు. ఆ కుర్రాడికి తెలిసిందల్లా నాన్న గొడవకి వెళ్లాడన్నది. వాడి గుండె దడదడలాడుతోంది. నాకు తెలిసింది వేరు. పక్కింటి కొడుకులిద్దరూ ఆ వారం ఊళ్లో లేరు. ఇంట్లో ముసలాయన ఒక్కడే. మా నాన్నకి ఆ సంగతి తెలుసు. ట్యాంకు ఒట్టి వంక!

మా మావయ్య పేజీల్లో ఈ ఇద్దరిలో ఒక్కడే ఉన్నాడు, పెన్షన్ తీసుకుంటున్నవాడు. మొదటిసారి ఓడ మెట్లెక్కుతూ కాళ్లు వణికిన కుర్రాడు లేడు. కొందరు దీనికి తిరగేసి రాస్తారు, అంతా కుర్రాడే, కిందా మీదా పడిపోవడమే, వెనక్కి తిరిగి చూసేవాడు ఉండడు. ఇద్దరూ ఉండాలి. కానీ కుర్రాడికి తెలియని సంగతి వాడి నోట పెట్టకండి. "నాన్న మంచితనం నాకప్పుడే అర్థమైంది" అని రాశాననుకోండి, అది పచ్చి అబద్ధం. నేను అప్పుడు ఉప్మా తిన్నాను, అంతే.

[నీళ్లు తాగి]

ఇప్పుడు తలనొప్పి సంగతి. ఈ కథ మా అక్కకి చెప్తే, "నాన్న మధ్యాహ్నం వెళ్లలేదురా, గాలంతా ఆగాకే వెళ్లాడు" అంది. ఇంకా ఘోరం, "మన ట్యాంకు నీలం రంగు" అంది!

జ్ఞాపకం బీరువాలో పెట్టిన పట్టుచీర కాదు, తీసినప్పుడల్లా అదే మడతలో ఉండడానికి. తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ కడుతుంది. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు అమెరికాలో అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థుల చేత, ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారో, ఎవరు చెప్పారో రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే చోటు, వేరే మనుషుల్ని చెప్పారు. గట్టి నమ్మకంతో చెప్పారు. వాళ్ల చేతిరాతే చూపించినా కొందరికి పాతది గుర్తు రాలేదు. కాబట్టి నా నలుపు, అక్క నీలం, రెండిట్లో ఏదీ సాక్ష్యం కాదు.

అలాగని రాయడం మానేస్తామా? తేలే సంగతులు తేల్చుకోవాలి. ఆ రోజు ఆదివారమేనా, గాలి ఎప్పుడు మళ్లింది, ఇలాంటివి పాత పేపర్లలో దొరుకుతాయి. తేలనివి తేలనట్టే రాయాలి: "నాకు నల్లగా గుర్తుంది, అక్క నీలం అంటుంది." చూడండి, ఆ ఒక్క వాక్యంతో అక్క కూడా కథలోకి వచ్చేసింది. కానీ పక్కింటి ముసలాయనా నాన్నా ఆ కొన్ని గంటలు ఏం మాట్లాడుకున్నారో నేను కల్పించి రాస్తే అది కథానిక అవుతుంది. అది తప్పని కాదు, దానికి వేరే పేరుంది. నాన్ననే అడిగాను. "ఏటి మాట్లాడుకుంటాం, కొవ్వొత్తి ఎక్కడుందో ఎతుక్కున్నాం" అన్నాడు. నేనేదో పెద్ద రాజీ మాట ఊహించుకుని కూర్చున్నాను. కొవ్వొత్తే బాగుంది.

భాష సంగతి ఒకటి చెప్పాలి, ఇది నాకు మంట. నాయనమ్మ "ఎలిపోతందిరా" అంటే, రాసేటప్పుడు "వెళ్ళిపోవుచున్నది" అని దిద్దేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు, గురజాడ గారు ఈ ఉత్తరాంధ్రవాళ్లే. ఆగస్టు 29న గిడుగు గారి పుట్టినరోజుకి దండ వేసి, ఇంటికొచ్చి "జన్మించితిని" అని రాయడం ఏమిటండీ? అయితే యాసని తాలింపులా ప్రతి ముక్క మీదా చల్లకండి. నాయనమ్మ నోట ఆ ఒక్క కేక చాలు.

[కొండ మీద వెలుగు తగ్గుతోంది.]

వెలుతురు పోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఏం రాయాలో తోచకపోతే చిన్నప్పటి ఇంటి నక్షా గీయండి. బొమ్మ బాగుండక్కర్లేదు. నుయ్యి ఎక్కడ, పొయ్యి ఎక్కడ, మిమ్మల్ని వెళ్లొద్దన్న గది ఏది. గీస్తుంటే ఎక్కడో పెన్ను ఆగుతుంది, అక్కడ మొదలెట్టండి. నా పెన్ను ప్రహరీ గోడ దగ్గర ఆగింది.

రాయడం చేతకాదనేవాళ్లు ఫోన్లో రికార్డు చేసుకోండి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు చూపు పోయాక నోటితో చెప్పే రాయించారు, ఆయన స్వీయచరిత్ర కూడా అలా వచ్చిందే. మా మావయ్యకి ఇదే చెప్పాను. ఒంటరిగా గదిలో కూర్చుని మాట్లాడకు, ఎదురుగా మనవణ్ణి కూర్చోబెట్టుకో, వాడు "తర్వాత?" అన్నచోట గుర్తు పెట్టుకో, విసుక్కున్నచోట కొట్టేయ్ అని.

ఇంట్లోవాళ్ల గురించి రాసేటప్పుడు: మొదటిసారి ఎవరికీ చూపించకుండా ఉన్నదున్నట్టు రాసుకోండి. బయట పెట్టేముందు మాత్రం అందులో ఉన్నవాళ్లకి చూపించండి. వాళ్లు కొట్టేయమన్నదల్లా కొట్టేయాలని కాదు, కానీ వినాలి. మా నాన్న ఒక్కటే అడిగాడు, "ఆయన పేరు రాయకు" అని. అందుకే ఇంతసేపూ ముసలాయనా ముసలాయనా అంటున్నాను. గోడ ఎవరి తప్పో కూడా చెప్పలేదు, గమనించారా? నాన్నది కూడా కొంత ఉంది. మీ కథలో మీవాళ్లంతా దేవుళ్లు, పక్కింటివాళ్లంతా దుర్మార్గులు అయితే ఇంకోసారి చూసుకోండి. నీళ్లు పట్టనివాణ్ణి నేను, అది పెట్టాకే నాకు ఈ కథ మీద నమ్మకం కుదిరింది.

ముగింపు గురించి చాలా చెప్పాలనుకున్నాను, టైము లేదు. "ఆ రోజు నాకు తెలిసొచ్చింది ఏమిటంటే" అని మొదలయ్యే పేరా ఉంటే తీసేయండి. దాని ముందు వాక్యం దగ్గర కథ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మా కథకి నేను ఉప్మా గిన్నె దగ్గర ఆపుదామనుకున్నాను. కానీ ఆ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది, మనం ఖాళీ గిన్నె తిరిగివ్వం కదా, అమ్మ దాన్లో ఏదో పెట్టి పంపుదామని...

[కిందనుంచి ఒక గొంతు: "ఒరే, మోటారు కట్టేయరా! ట్యాంకు పొంగిపోతంది!"]

వస్తున్నా నాన్నా!