వాంకూవర్‌లో ఎక్కినా బిల్లు అమెరికన్ డాలర్లలోనే: క్రూజ్ బడ్జెట్ ఎక్కడ తప్పుతోంది?

[టేబుల్ మీద రెండు స్టీలు గ్లాసులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కన బియ్యం డబ్బా.]

"కెనడియన్ డాలర్ 71 సెంట్లకి పడిపోయింది, అంటే అమెరికన్ ధరల మీద మనకి 29 శాతం ఎక్కువ పడుతుంది." ఈ మాట ఎక్కడ చూసినా వినపడుతోంది. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా అంటున్నారు. ఇది తప్పండీ. 29 కాదు, 40. సెలవులకని మూడు వేలు పక్కన పెట్టుకున్న కుటుంబానికి ఆ తేడా చిన్నదేం కాదు.

చూపిస్తాను. ఈ పెద్ద గ్లాసు అమెరికన్ డాలర్, ఈ చిన్నది మన కెనడియన్ డాలర్. చిన్నదాంట్లో పెద్దదాని కంటే 29 శాతం తక్కువ పడుతుంది. సరే, పెద్ద గ్లాసుని చిన్న గ్లాసుతో నింపుదాం.

[చిన్న గ్లాసు నిండా బియ్యం తీసి పెద్దదాంట్లో పోయడం. క్లోజప్: పైన మిగిలిన ఖాళీ.]

ఒకటి పోశాం. పైన ఇంత ఖాళీ ఉంది. పెద్ద గ్లాసు లెక్కలో ఆ ఖాళీ 29 శాతమే. కానీ దాన్ని నింపాల్సింది చిన్న గ్లాసుతో కదా! చిన్న గ్లాసులో ఐదింట రెండు వంతులు పోస్తే గానీ నిండదు. మొత్తం ఒకటీ పాయింట్ నాలుగు గ్లాసులు. అందుకే సెంట్లు వినగానే నూట్లోంచి తీసెయ్యకండి, ఒకటిని దాంతో భాగించండి. 0.75 అయితే 1.33. 0.71 అయితే 1.41. 0.68 అయితే 1.47. చూశారా, కిందికి వెళ్లేకొద్దీ ఒక్కో సెంటూ ఇంకా గట్టిగా తగులుతుంది.

2011 వేసవిలో ఈ రెండు గ్లాసులూ దాదాపు సమానం, మనదే ఒక పిసరు పెద్దది. 2016 జనవరిలో 69 సెంట్ల కిందికి పోయింది. 2025 ఫిబ్రవరి మొదట్లో అమెరికా టారిఫ్‌ల గొడవప్పుడు 68 సెంట్ల దాకా దిగింది, 2003 తర్వాత అంత బలహీనం అప్పుడే. ఈ వీడియోలో లెక్క తేలిక కోసం ఒక అమెరికన్ డాలర్‌కి 1.40 కెనడియన్ అని పట్టుకుందాం. మీరు చూసే రోజున ఎంతుందో అది వేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. కుక్కర్‌లో గ్లాసుడు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం. బియ్యం పెద్ద గ్లాసుతో కొలిచి, నీళ్లు చిన్న గ్లాసుతో పోస్తే? అన్నం పలుకు. క్రూజ్ బడ్జెట్లన్నీ ఇలాగే పలుకవుతున్నాయి. టికెట్ కెనడియన్ డాలర్లలో కొంటారు, ఓడలో ఖర్చు అమెరికన్ డాలర్లలో ఉంటుంది, రెండూ ఒకే కాగితం మీద "డాలర్లు" అని రాసి కూడేస్తారు. గుర్తు ఒకటే కదా రెండింటికీ! అక్కడే వస్తోంది చిక్కు.

"మేం వాంకూవర్ నుంచే ఎక్కుతున్నాం కదా, కెనడాలోనే కదా" అంటారు. వాంకూవర్ ఓడల టెర్మినల్ కెనడా ప్లేస్‌లో ఎక్కినా, మాంట్రియల్‌లో ఎక్కినా ఒకటే. రాయల్ కరీబియన్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, సెలబ్రిటీ, నార్వేజియన్, కార్నివాల్... వీటన్నిట్లో ఇక్కడి ప్రయాణాలకి ఓడలోపల నడిచేది అమెరికన్ డాలరే. మెట్లెక్కి కార్డు స్వైప్ చేసిన క్షణం నుంచి మీరు పెద్ద గ్లాసు దేశంలో ఉన్నట్టు.

అలాస్కాకి 7 రాత్రులు, ఇద్దరు. కింది ధరలు అమెరికన్ డాలర్లలో, ఉదాహరణకే, కంపెనీని బట్టి మారతాయి.

[స్క్రీన్ మీద ఒక్కో వరసా వస్తుంది.]

గ్రాట్యుటీ, అంటే ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు, మనిషికి రోజుకు 18. ఇద్దరికి, ఏడు రోజులకి 252.
వైఫై ఒక ఫోన్‌కి రోజుకు 20 చొప్పున 140.
జూనోలో తిమింగలాలు చూసే టూరు మనిషికి 180, ఇద్దరికి 360.
కాఫీలు, పిల్లలకి పంపడానికి ఒకటో రెండో ఫోటోలు, సర్వీస్ ఛార్జీతో కలిపి 60.
మొత్తం 812.

కాగితం మీద 812 అని రాసుకున్నారు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో ఎంత వస్తుంది? 812ని 1.40తో హెచ్చిస్తే 1,136.80. అయిపోలేదు. కెనడాలో చాలా కార్డులు విదేశీ కరెన్సీ మీద 2.5 శాతం అదనంగా వేస్తాయి. గ్లాసులోంచి గ్లాసులోకి పోస్తుంటే టేబుల్ మీద ఒలికిపోయే బియ్యం అన్నమాట అది. ఇంకో 28.42. మొత్తం 1,165.22. అంటే 353 డాలర్లు తక్కువ పడింది. టికెట్ ధరలో డిస్కౌంట్ కోసం నెల రోజులు వెతికినవాళ్లు ఇక్కడ చూడకుండా వదిలేస్తున్నారే అని నిజంగా బాధేస్తుంది.

అందుకని మీ నోట్‌బుక్‌లో మొదటి పని: అమెరికన్ అంకెలన్నీ 1.40తో కాదు, 1.435తో హెచ్చించండి. 1.40 మీద రెండున్నర శాతం వేస్తే అంతే వస్తుంది. గూగుల్ చూపించే రేటు, బ్యాంక్ ఆఫ్ కెనడా రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఇచ్చే రేటు, రెండూ మనం కొనే రేట్లు కావు. విదేశీ ఛార్జీ లేని కార్డులు కెనడాలో కొన్ని ఉన్నాయి. అలాంటిది ఉంటే ఒలికే బియ్యం మిగులుతుంది, గ్లాసు సైజు మాత్రం మారదు. కార్డు మార్చేస్తే సమస్య తీరిపోయినట్టు చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. నలభై మూడున్నరలో అది తీర్చేది మూడున్నరే.

ఇక టికెట్. డాలస్‌లో ఉన్న అన్నయ్యకి అదే ఓడ, అదే గది 1,000 చూపిస్తుంది. బ్రాంప్టన్‌లో మీకు 1,399 చూపిస్తుంది. మోసం కాదు, కంపెనీ తన రేటుతో ముందే కొలిచిపెట్టిన ధర అది. చూడాల్సింది ఎంత రేటుతో కొలిచిందీ అని. 1,399ని 1,000తో భాగిస్తే 1.399. మీ కార్డు రేటు 1.435. కాబట్టి కెనడియన్ ధరే మేలు, కళ్లు మూసుకుని తీసుకోండి. అదే 1,480 చూపిస్తే? అప్పుడు కంపెనీ మీ కంటే చిన్న గ్లాసుతో కొలుస్తోందని అర్థం. ఆ పరిస్థితిలో అమెరికన్ డాలర్లలో బుక్ చేయడం కుదురుతుందేమో ఏజెంట్‌ని అడగండి. కెనడా చిరునామా ఉన్నవాళ్లకి కెనడా ధర మాత్రమే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. పోల్చేటప్పుడు మొదటి పేజీలో పెద్ద అక్షరాల ధర కాదు, పన్నులు, పోర్టు ఛార్జీలు కలిసిన చివరి పేజీ ధర పోల్చండి. కెనడా నివాసులకే ఇచ్చే ప్రత్యేక ధరలు కూడా అప్పుడప్పుడూ వస్తాయి. అవి వచ్చినప్పుడు ఈ భాగహారం చేస్తే 1.20, 1.25 కూడా కనపడొచ్చు. అది అసలైన బేరం.

కెనడియన్ ధరకి ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. డిపాజిట్ ఈరోజు కడతాం, మిగతాది ప్రయాణానికి సుమారు 75 నుంచి 90 రోజుల ముందు కడతాం. మధ్యలో ఏడాది గడవొచ్చు. అమెరికన్ డాలర్లలో బుక్ చేస్తే ఆ ఏడాదిలో మన గ్లాసు ఎంత కుంచించుకుపోయినా భారం మనదే. ఇద్దరికి 4,000 అమెరికన్ డాలర్ల బాకీ ఉంటే, రేటు 1.40 నుంచి 1.46కి వెళ్తే 240 కెనడియన్ డాలర్లు పెరిగినట్టు. కెనడియన్ ధరలో బుక్ చేస్తే ఆ తలనొప్పి కంపెనీది. రేటు మనవైపు తిరిగినా ఆ లాభం రాదు, నిజమే. సెలవుల డబ్బుతో జూదం ఎందుకు?

రద్దు చేసినప్పుడు చూడండి. 500 అమెరికన్ డిపాజిట్ కార్డు మీద 717.50 పడింది. వాపసు వచ్చేటప్పుడు కొన్ని కార్డులు ఆ రెండున్నర శాతాన్ని ఈసారి తగ్గించి ఇస్తాయి. 682.50 వస్తుంది. రేటు పైసా కూడా మారలేదు, కంపెనీ మొత్తం డబ్బు ఇచ్చేసింది, అయినా 35 పోయింది. పోసేటప్పుడు ఒలికింది, తిరిగి తీసుకునేటప్పుడూ ఒలికింది.

ఒక్కచోట మాత్రం పెద్ద గ్లాసు మనకి పనికొస్తుంది: ఆన్‌బోర్డ్ క్రెడిట్, అంటే ఓడలో ఖర్చుపెట్టుకోమని మన ఖాతాలో వేసే డబ్బు. 100 అమెరికన్ డాలర్ల క్రెడిట్ ఇస్తే, ఎలాగూ కట్టాల్సిన గ్రాట్యుటీకే అది పోతే, మీకు మిగిలేది 143.50 కెనడియన్. ఏజెంట్ "టికెట్‌లో 120 తగ్గించమంటారా, 100 క్రెడిట్ ఇమ్మంటారా" అంటే క్రెడిటే తీసుకోండి. ముందు అది అమెరికన్ డాలర్లలోనేనా అని రాతలో అడగండి. కెనడియన్‌లో ఇచ్చేవీ ఉన్నాయి. వాడనిది వాపసు రాని రకం అయితే చివరి రోజు దాకా దాచకండి.

ఇంకో అపార్థం. కెనడియన్ డాలర్ "పడిపోయింది" అంటే ఎవరి ముందు? అమెరికన్ డాలర్ ముందు. జపాన్ యెన్ తీసుకోండి. 2020లో మన డాలర్‌కి దాదాపు 80 యెన్‌లు వచ్చేవి, 2024లో 110 దాటాయి. ఆ గ్లాసు పక్కన మనదే పెద్దది. రూపాయి ముందు కూడా మన డాలరేం చితికిపోలేదు. 2016 జనవరిలో 50 కంటే తక్కువ ఉండేది, ఈమధ్య ఏళ్లలో 60 దగ్గర తిరుగుతోంది. అమెరికా ఖరీదైందని సెలవులే మానుకోవడం ఎందుకండీ? వేరే గ్లాసున్న ఊరికి వెళ్లండి.

కానీ జాగ్రత్త, కొన్ని ఊళ్లు పేరు మార్చుకున్న అమెరికన్ డాలరే. బహామాస్ డాలర్ అమెరికన్ డాలర్‌కి సరిగ్గా సమానం. బార్బడోస్, బెలీజ్‌లలో రెండుకి ఒకటి, కట్టేసి ఉంటుంది. అక్కడ మన పరిస్థితి మయామీలో ఉన్నట్టే. మెక్సికో పెసో వేరు, అది తనంతట తాను కదులుతుంది. అయితే కాన్‌కూన్‌లో రిసార్టులు అమెరికన్ డాలర్లలో ధర చెప్తాయి. వాటికి కెనడాలో అమ్మే ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీలు మన డాలర్లలో ఉంటాయి కాబట్టి డాలర్ పడిన రోజే ధర పెరగదు, తర్వాతి సీజన్‌కి మెల్లగా ఎక్కుతుంది. అంటారియోలో ఉన్నవాళ్లకి ఒక రక్షణ ఉంది: పూర్తి డబ్బు కట్టేశాక ప్యాకేజీ ధర పెంచడానికి వీల్లేదు. కట్టకముందు పెంచినా మొత్తం 7 శాతం దాటితే రద్దు చేసుకుని పూర్తి వాపసు అడగొచ్చు. అంటారియోలో ట్రావెల్ ఏజెన్సీల మీద నిఘా పెట్టే సంస్థ టైకో, అందులో రిజిస్టరైన ఏజెన్సీ దగ్గరే కొనండి.

సియాటిలా, వాంకూవరా అని అడుగుతుంటారు. సియాటిల్ ఓడ టికెట్ కొన్నిసార్లు చవక. దాని పక్కన అమెరికన్ హోటల్, ట్యాక్సీ, భోజనం కూడా 1.435తో వెయ్యండి. వాంకూవర్‌లో ముందురాత్రి హోటల్, భోజనం, విమానం అన్నీ మన గ్లాసే. పైగా వాంకూవర్ ఓడలు ఇన్‌సైడ్ ప్యాసేజ్ గుండా వెళ్తాయి, రెండు పక్కలా కొండలు. ఆ దారి కోసమైనా వాంకూవరే ఎక్కండి. సరిహద్దుకి అవతల, అమెరికాలోని బఫెలో విమానాలదీ ఇదే సంగతి: అక్కడ 220 అమెరికన్, టొరాంటోలో 310 కెనడియన్. 220ని మారిస్తే 315 పైమాటే, సరిహద్దు దాటే పెట్రోలు, పార్కింగ్ వేరే.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

ఎక్కువ మొత్తం అమెరికన్ డాలర్లు కావాలంటే, ఓ పది వేలు అనుకోండి, నార్బర్ట్స్ గాంబిట్ అనే చవక పద్ధతి ఉంది. బ్రోకరేజ్ ఖాతాలో డీఎల్ఆర్ అనే ఈటీఎఫ్ (షేర్‌లా కొని అమ్మే ఫండ్) కెనడియన్‌లో కొని, దాన్నే అమెరికన్ డాలర్ల రూపమైన డీఎల్ఆర్ డాట్ యూకి జర్నల్ చేయమని, అంటే మార్చమని అడిగి, అమెరికన్‌లో అమ్మడం. కమిషన్లు పోను చాలా చవక. కానీ కొన్ని రోజులు పడుతుంది, చివరి చెల్లింపు రేపు అనగా మొదలుపెట్టకండి. ఐదు వందలకైతే ఈ శ్రమ దండగ.

కార్డు మెషీన్ "కెనడియన్ డాలర్లలో కడతారా?" అని అడిగితే వద్దనండి. ఆ రేటు దుకాణం వేసేది, మీ కార్డు రేటు కంటే దారుణం. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి.

ఇన్సూరెన్స్ మానకండి. ఓడలో డాక్టర్ బిల్లు కూడా పెద్ద గ్లాసుతోనే. విదేశంలో ఆసుపత్రిలో చేరితే అంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఓహిప్ ఇచ్చేది రోజుకు గరిష్ఠంగా 400 కెనడియన్.

కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నా భారతీయ పాస్‌పోర్టు అయితే అలాస్కాకి అమెరికా వీసా ఉండాల్సిందే. వాంకూవర్ టెర్మినల్‌లోనే అమెరికా అధికారులు చూస్తారు. తిరిగి రావడానికి పీఆర్ కార్డు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ అమెరికా వీసా ఉండాలి, మళ్లీ కెనడాలో అడుగుపెట్టడానికి ఏ పత్రాలు కావాలో ముందే కనుక్కోండి. అవి చేతికొచ్చేదాకా వాపసు రాని డిపాజిట్ కట్టకండి.

ఇక చివరిది. దిగే ముందురాత్రి ఓడ యాప్‌లో ఫోలియో, అంటే మీ ఖర్చుల బిల్లు, తెరిచి రెండు చూడండి: అడుగున యూఎస్‌డీ (అమెరికన్ డాలర్) అని ఉందా, సీఏడీ (కెనడియన్ డాలర్) అని ఉందా, గ్రాట్యుటీ ముందే కట్టి ఉంటే మళ్లీ పడిందా. సీఏడీ అని ఉంటే ఓడే తన రేటుతో మార్చేసిందన్నమాట. రాత్రే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి అమెరికన్ డాలర్లలో వెయ్యమనండి. పొద్దున ఆ కౌంటర్ ముందు క్యూ ఎలివేటర్ దాకా ఉంటుంది.