విద్యార్థుల్లో క్యాన్సర్ స్టిగ్మాను కొలవడం ఎలా? ప్రశ్నల దగ్గర్నుంచి స్కోరు దాకా

నమస్తే అండి. ఎమ్మెస్సీ నర్సింగ్, పబ్లిక్ హెల్త్, సైకాలజీ, సోషల్ వర్క్ చదువుతూ "క్యాన్సర్ ఉన్నవాళ్ళ పట్ల మా కాలేజీ విద్యార్థుల్లో స్టిగ్మా, అంటే జబ్బు పేరుతో మనిషిని తక్కువగా చూడటం, ఎంత" అనే టాపిక్ మీద ప్రాజెక్టు తీసుకున్నవాళ్ళ కోసం ఈ వీడియో. ప్రశ్నలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, తెలుగులోకి ఎలా తేవాలి, ఫారం ఎలా పెట్టాలి, వచ్చిన జవాబుల్ని స్కోరుగా ఎలా మార్చాలి అనేవి చేసి చూపిస్తాను.

ముందుగా ఒక మాట. చాలా ప్రాజెక్టుల్లో "క్యాన్సర్ అంటుకుంటుందా? అవును, కాదు" అని అడిగి, దాన్నే స్టిగ్మా అని రాసేస్తున్నారు. అది అవగాహన. స్టిగ్మా వేరు. అంటుకోదని పరీక్షలో కరెక్టుగా రాసిన మనిషే, ట్రీట్‌మెంట్ కోసం ఇంటికొచ్చిన పిన్నికి గ్లాసూ కంచమూ వేరుగా పెట్టడం మన ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం. తెలిసినదానికీ, మనసులో ఉన్నదానికీ, చేసేదానికీ మధ్య ఉన్న ఆ దూరాన్నే మనం కొలవాలి.

దీనికి పనికొచ్చే స్కేలు ఒకటుంది. క్యాన్సర్ స్టిగ్మా స్కేల్, పొట్టిగా కాస్ అంటారు. లండన్‌లో లారా మార్లో, జేన్ వార్డల్ తయారుచేసి 2014లో ప్రచురించారు. క్యాన్సర్ లేనివాళ్ళు, క్యాన్సర్ ఉన్నవాళ్ళ గురించి ఏమనుకుంటున్నారో కొలవడానికే దీన్ని చేశారు కాబట్టి విద్యార్థులకు సరిగ్గా సరిపోతుంది. మొత్తం 25 వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కు పెట్టాలి: 1 అంటే అస్సలు ఒప్పుకోను, 6 అంటే పూర్తిగా ఒప్పుకుంటాను. మధ్యలో "ఏమో, చెప్పలేను" అనే గడి ఉండదు. ఎటో ఒకవైపు మొగ్గాల్సిందే.

ఈ 25 వాక్యాలూ ఆరు భాగాలు. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే అసలు విషయమంతా ఇందులోనే ఉంది.

మొదటిది ఇబ్బంది. క్యాన్సర్ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియక తడబడటం. రెండోది తీవ్రత: క్యాన్సర్ వస్తే ఇక మనిషి మామూలు మనిషి కాడు, ఉద్యోగం పోయినట్టే, చావుకు సిద్ధపడాల్సిందే అనుకోవడం. మూడోది దూరం పెట్టడం. ఈ మూడింటిలోనూ అయిదేసి వాక్యాలు ఉంటాయి. నాలుగోది, వాళ్ళ వైద్యానికి ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెట్టాలా అన్నది, మూడు వాక్యాలు. అయిదోది తప్పు వాళ్ళదే అనడం, నాలుగు వాక్యాలు. ఆరోది బ్యాంకులు లోను ఇవ్వకపోయినా, ఇన్సూరెన్సు కంపెనీలు మెలిక పెట్టినా పర్లేదు అనడం, మూడు వాక్యాలు.

ఇప్పుడు చూడండి. ఒకమ్మాయికి తీవ్రతలో సగటు 5.4, దూరం పెట్టడంలో 1.2 వచ్చాయనుకుందాం. ఇంకో అబ్బాయికి తీవ్రతలో 2, దూరం పెట్టడంలో 4.6. రెండూ కలిపితే ఇద్దరికీ 6.6. ఆ అమ్మాయి స్నేహితురాలి చెయ్యి వదలదు గానీ, నువ్వు బతుకుతావన్న ధైర్యం ఇవ్వలేకపోతుంది. ఆ అబ్బాయికి జబ్బు నయమవుతుందని తెలుసు, అయినా పక్క సీట్లో కూర్చోడు. ఇద్దరికీ ఒకే స్కోరు ఇచ్చేసి "మధ్యస్థ స్టిగ్మా" అని రాస్తే, మన కొలతలో ఇద్దరూ మాయమైపోతారు. అందుకే ఆరు స్కోర్లనూ ఆరుగానే ఉంచండి. గైడ్ ఒక్క నంబరే కావాలని అడిగినా, ఈ ఉదాహరణ చూపించి ఒప్పించండి.

తెలుగు చేయడం గురించి. ముందు స్కేలు తయారుచేసినవాళ్ళకు మెయిల్ పెట్టి అనుమతి అడగండి. ఒకరు తెలుగులోకి చేయాలి, ఇంగ్లీషు ప్రతి చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి చేయాలి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఆ తర్వాత నలుగురైదుగురు విద్యార్థుల్ని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివి "నీకేం అర్థమైంది" అని పైకి చెప్పించండి. "క్యాన్సర్ ఉన్నవాళ్ళ పక్కన ఉంటే నాకు ఇబ్బంది ఉండదు" అని రాసి, కింద "ఒప్పుకోను" అనే గడి పెడితే, కాదు మీద కాదు పడి పిల్లలు తికమకపడతారు. "నాకు మామూలుగానే ఉంటుంది" అని మార్చండి, సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ స్కేలు పుట్టింది బ్రిటన్‌లో. అందులో లోను, ఇన్సూరెన్సు లాంటి భయాల గురించి ఉంది. మన దగ్గర పెద్ద భయం సంబంధాల గురించి. తల్లికి రొమ్ము క్యాన్సర్ అని తెలిస్తే కూతురి పెళ్ళి ఆగిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ నోరు మెదపరు. పెళ్ళిలో పసుపు దంచడానికి ఆవిణ్ణి పిలవరు. ఇలాంటివి కాస్‌లో లేవు. "క్యాన్సర్ వచ్చిన ఇంటి సంబంధం చేసుకోవడానికి నేను వెనకాడతాను", "ఒకే గ్లాసులో నీళ్ళు తాగడానికి వెనకాడతాను" అని మీరే చేర్చండి. కాకపోతే 25 వాక్యాల తర్వాత వేరే సెక్షన్‌గా పెట్టి, స్కోరు కూడా వేరుగా లెక్కేయండి. ఆ ఆరు భాగాల్లో కలిపేస్తే ఇతర దేశాల ఫలితాలతో పోల్చుకునే వీలుండదు.

[స్క్రీన్ మీద గూగుల్ ఫారమ్]

ఫారం పెడదాం. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఈమెయిల్ తీసుకోవడం ఆపేయండి. పేరు వద్దు, రోల్ నంబరు వద్దు. మీ పేరు కిందనో, మీకు ఇంటర్నల్ మార్కులు వేసే మేడమ్ పేరు కిందనో ఫారం వెళ్తే పిల్లలు మంచి జవాబులే రాస్తారు. ముఖ్యంగా నర్సింగ్ విద్యార్థులకు ఏది "సరైన" జవాబో బాగా తెలుసు. అందుకే ఇంకో చిట్కా: "నేను దూరంగా ఉంటాను" అన్నదాంతో పాటు, వేరే సెక్షన్‌లో "మా ఊళ్ళో చాలామంది దూరంగా ఉంటారు" అని కూడా అడగండి. సొంత అభిప్రాయం ఒకటి, చుట్టూ ఉందనుకునేది ఒకటి. రెంటికీ మధ్య తేడా బాగా ఎక్కువ వస్తే రిపోర్టులో తప్పకుండా చర్చించాలి.

మీకు ఓపిక ఉంటే ఇది చేసి చూడండి. "మీరు పుట్టిన తేదీ సరి సంఖ్యా, బేసి సంఖ్యా?" అని ఒక ప్రశ్న పెట్టి, జవాబును బట్టి వేరే సెక్షన్‌కు వెళ్ళేలా సెట్ చేయండి. సరి సంఖ్య వాళ్ళకు వాక్యాలన్నీ "నోటి క్యాన్సర్" పేరుతో, బేసి సంఖ్య వాళ్ళకు "రొమ్ము క్యాన్సర్" పేరుతో. 2015లో మార్లో బృందమే బ్రిటన్‌లో ఇలా క్యాన్సర్ రకాన్ని మార్చి అడిగితే, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళ మీద నింద ఎక్కువగా పడింది. కారణం సిగరెట్. మన దగ్గర గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్ మీద ఆ మాట పడుతుందని నా అంచనా. "తినేటప్పుడు తెలియలేదా" అన్న మాట ఆసుపత్రి వరండాల్లో వినిపించేదే కదా.

అనుమతుల విషయం గట్టిగా చెప్తాను. కాలేజీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా లింక్ పంపకండి. 18 నిండని ఇంటర్ పిల్లలుంటే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారం కూడా కావాలి. అంతకంటే ముఖ్యం, క్లాసులో నాన్నను క్యాన్సర్‌తో పోగొట్టుకున్న పిల్ల ఉండొచ్చు, చిన్నప్పుడు తనకే వచ్చి తగ్గిన అబ్బాయి ఉండొచ్చు. "తప్పు వాళ్ళదే" అన్న వాక్యం వాళ్ళు కూడా చదువుతారు. మొదటి పేజీలోనే "ఏ ప్రశ్ననైనా వదిలేయొచ్చు" అని రాయండి, ఏ ప్రశ్ననూ తప్పనిసరి చేయకండి. చివరి పేజీలో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెట్టండి.

[స్క్రీన్ మీద షీట్]

స్కోరింగ్. ప్రభుత్వం ఖర్చు పెట్టాలన్న మూడు వాక్యాలు, "నాకు మామూలుగానే ఉంటుంది" లాంటివి తిరగబడి ఉంటాయి. ఒప్పుకుంటే స్టిగ్మా తక్కువన్నమాట. కాబట్టి పక్కన కొత్త కాలమ్ తీసుకుని, ఈక్వల్ టు 7 మైనస్ సీ2 (సీ2 అంటే ఆ జవాబు ఉన్న గడి) అని కొట్టి కిందికి లాగండి. 6 పెట్టినవాళ్ళది 1 అవుతుంది, 2 పెట్టినవాళ్ళది 5 అవుతుంది. ఖాళీగా వదిలేసిన గడి దగ్గర మాత్రం 7 వచ్చేస్తుంది, దాన్ని తుడిచేయండి. తర్వాత ఒక్కో భాగానికి సగటు తీయండి.

జమోవి అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో భాగానికి క్రోన్‌బాక్ ఆల్ఫా చూడండి, అంటే ఆ భాగంలోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె. 0.7 దాటితే నిశ్చింతగా ముందుకు వెళ్ళండి. మరీ తక్కువగానో, మైనస్‌లోనో వస్తే కంగారుపడొద్దు, తిప్పాల్సిన వాక్యాన్ని తిప్పారో లేదో ముందు చూసుకోండి.

ఫలితాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. క్యాన్సర్ వార్డులో పోస్టింగ్ చేసొచ్చాక తీవ్రత స్కోరు తగ్గాల్సిందేనని ముందే తీర్మానించుకోకండి. మన దగ్గర చాలామంది జబ్బు ముదిరాకే వస్తారు. విద్యార్థులు చూసేది ఆ చివరి దశనే, కోలుకుని పొలం పనికి వెళ్ళిపోయిన మనిషిని చూడరు. కాబట్టి స్కోరు పెరిగినా పెరగొచ్చు, అది వాళ్ళ తప్పు కాదు.

దూరం పెట్టడంలో ఎక్కువమంది 1 లేదా 2 పెడతారు, సగటు చిన్నగా వస్తుంది. అక్కడితో "స్టిగ్మా లేదు" అని రాసేయకండి. ఒక్కో వాక్యానికి 4, ఆపైన పెట్టినవాళ్ళు ఎంతమందో విడిగా లెక్కపెట్టి టేబుల్‌లో చూపించండి. ఇలా జవాబులు ఒకవైపే పోగుపడతాయి కాబట్టి, రెండు గ్రూపుల్ని పోల్చేటప్పుడు సగటుల్ని పోల్చే టీ టెస్ట్ బదులు, వరుస స్థానాల్ని పోల్చే మాన్ విట్నీ టెస్ట్ వాడండి. కాలేజీకి రిపోర్టు ఇచ్చేటప్పుడు మాత్రం బ్యాచ్ వారీగా ముక్కలు చేసి ఇవ్వకండి. ఇరవై మంది ఉన్న బ్యాచ్‌లో "కుటుంబంలో క్యాన్సర్ ఉంది" అని రాసింది ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.