పది నిమిషాల ధ్యానం, చింతపండు అడ్వాన్స్

యాంకర్: అనంతపురం స్టూడియో నుంచి మాట్లాడుతున్నాం. మీ ప్రశ్నలకు సలహా చెప్పడానికి మేడం మాతో ఉన్నారు. కదిరి వైపు కొండ కింద ఊరి నుంచి ఒక పొదుపు సంఘం లీడర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. మా సంఘంలో పది మందిమి. మీటింగులో అప్పుల మాట వస్తే చాలు, అరుపులే. ఒకామె వచ్చి ధ్యానం నేర్పించి పోయింది, కొన్నాళ్లు బాగానే ఉండింది, ఇప్పుడేమో "కళ్లు మూసుకుంటే షావుకారు బాకీ తీరుతుందా" అంటూ ఎవరూ కూర్చోవడం లేదు. ఆయన సంక్రాంతికే అడ్వాన్స్ ఇస్తాడు, ఎండాకాలం చింతపండంతా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే. పొద్దంతా రాయి మీద కాయ కొట్టి గింజ తీస్తే గోళ్ల సందుల్లో పులుపు దిగి, రాత్రి కారం ముద్ద కలుపుకుంటే ఒకటే మంట మేడం.

మేడం: వాళ్లు అడిగింది న్యాయమేనమ్మా. ధ్యానంతో బాకీ తీరదు, తీరుతుందని ఎవరైనా చెప్పినా నమ్మొద్దు. కానీ మీటింగుకు ముందు పది నిమిషాలు కూర్చోండి. మంత్రం, పటం ఏమీ వద్దు, ముక్కు దగ్గర గాలి వస్తోంది, పోతోంది, అంతే గమనించాలి. మనసు పిల్లల ఫీజు మీదికో, పాలు తీయాల్సిన బర్రె మీదికో పోతుంది, పోనీండి, గుర్తొచ్చినప్పుడు మళ్లీ శ్వాస దగ్గరికి రండి. కళ్లు మూస్తే ఏడుపు, దడ వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లను బలవంతం చేయొద్దు. వారాల తరబడి నిద్ర లేకపోతే డాక్టరుకే చూపించాలి. గొంతులు చల్లబడ్డాక లెక్కల పుస్తకం తెరిచి, ఎవరికి ఎంత అడ్వాన్స్ ఉందో బయటికి చదవండి.

కాలర్: పరువు పోతుందంటారు మేడం.

మేడం: అందుకే ముందు మీదే చదవండి. ఆ తర్వాత సంఘం డబ్బుతో ఈ ఏడాది ఇద్దరి బాకీ తీర్చండి, అందరిదీ ఒకేసారి కాదు. ఆ ఇద్దరి పండును హిందూపురం మార్కెట్ యార్డుకు తీసుకుపోండి, చింతపండులో కరిపులి అనే రకానికి ఒక రేటు, ఫ్లవర్ అనే రకానికి ఒక రేటు పలుకుతాయి, మీది ఎందులోకి వస్తుందో కళ్లారా చూస్తారు. చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గరికి కూడా ఒకసారి పోయి రండి, పొదుపు సంఘాలను ఆడవాళ్లే నడుపుకుంటున్నారు, వాళ్లు పనిచేసిన కల్పవల్లి అనే చోట బోడికొండల మీద మళ్లీ చెట్టూ గడ్డీ వచ్చాయి.

కాలర్: మా వాళ్లు తొందరలో చింతచెట్ల కొమ్మలే విరిచేస్తున్నారు మేడం.

మేడం: బాకీ టెన్షన్ అమ్మా అది. మళ్లీ మీటింగ్ ఎప్పుడు?

కాలర్: మంగళవారం. నాది పన్నెండు వేలు మేడం... ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.